రసూల్‌బీ ఉతికిన తువ్వాలు

తప్పు తోమాదే. అది ముందే ఒప్పేసుకుంటే ఓ పనైపోతుంది. మైకు అతని చేతిలో ఉంది, నోరు అతనిది, ఆ నోట్లోంచి ఊడిపడ్డ మాటా అతనిదే. పక్కనుంచి ఎవరూ పొడిచి అనిపించలేదు.

ఆ ఆదివారం సాయంత్రం గుంటూరు కొత్త ఫుట్‌బాల్ స్టేడియంలో చీరాల జట్టుతో మ్యాచ్. స్కోరు సమానంగా ఉంది. ఇంకాసేపట్లో ఆట అయిపోతుందనగా చీరాల వాళ్లకి కార్నర్ దొరికింది. గుంటూరు గోల్‌కీపర్ యలమంద చెమట కారిపోతూ, గోలుపోస్టు వెనక వలకి వేలాడేసి అప్పటిదాకా ముట్టుకోని ఎర్ర తువ్వాలు లాక్కుని ముఖం గట్టిగా తుడుచుకున్నాడు. తువ్వాలు మళ్లీ వల మీద వేశాడో లేదో, రెండు చేతులతో కళ్లు మూసుకుని గొంతుక్కూర్చున్నాడు. అదే క్షణాన అవతల కార్నర్ తన్నారు. బంతి వయ్యారంగా వచ్చి ఎవడి నెత్తికో తగిలి, కళ్లు మూసుకున్న యలమంద మీదుగా వెళ్లి వలలో కూర్చుంది.

చీరాల వాళ్లు గెంతుతున్నారు. మన వాళ్లు యలమంద కళ్లల్లో నీళ్లు కొడుతున్నారు. కొట్టేకొద్దీ అతను ఇంకా అరుస్తున్నాడు. ఎవరో తువ్వాలు వాసన చూసి, "కారం రా బాబూ, కారం" అన్నారు. ఆ మాట మైదానం గట్టు మీద మైకులో ఆట సంగతులు చెబుతున్న తోమా చెవిన పడింది. తోమాకి మాట చెవిన పడటం, దానికి తోక తగిలించి మైకులో వదలటం ఒకే పని.

"రసూల్‌బీ పిన్నీ, తువ్వాలు సబ్బుతో ఉతికావా, మిరపకాయలతో ఉతికావా?"

స్టేడియం మొత్తం పగలబడి నవ్వింది. గోలు తిన్న బాధ కూడా మర్చిపోయి మరీ నవ్వింది. డ్రెస్సింగ్ రూమ్ గుమ్మంలో ఉతికిన సాక్సుల కట్ట పట్టుకుని నిలబడ్డ రసూల్‌బీ ఒక్కతే నవ్వలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లిపోయింది. అంతమంది నవ్వు చెవుల్లో మోగుతుంటే తోమాకి అది కనపడలేదు. కనపడినా సిగ్గుపడిందేమో అనుకునేవాడు.

*

రసూల్‌బీ అంటే ఎవరని గుంటూరులో అడిగితే స్టేడియం సంగతి తర్వాత చెబుతారు, ముందు మిరపకాయలే చెబుతారు. పుట్టింది పెదకాకాని దగ్గర. కాపురానికి వచ్చింది కోల్డ్ స్టోరేజీల వెనక సందులోకి. మొగుడు ఉస్మాన్ మిర్చి యార్డులో టిక్కీలు, అంటే మిరపకాయల బస్తాలు, మోసేవాడు. నడుం పట్టేసి మంచమెక్కాక, ఇంటి బండి లాగటం ఈమె వంతైంది. ఆ సందులో ఆడవాళ్లందరికీ తెలిసిన పని ఒకటే: మిరపకాయ తలకాయ మీదుండే ముచ్చిక తుంచటం. పొద్దున్నే ముక్కుకి గుడ్డ కట్టుకుని కాయల రాశి ముందు కూర్చుంటే, సాయంత్రానికి రాశి తరిగిపోతుంది, దగ్గు పెరిగిపోతుంది. చేతులు మాత్రం రాత్రంతా మండుతూనే ఉంటాయి. మజ్జిగలో ముంచినా, ఆముదం రాసినా, ఆ మంట తనకి ఇష్టమైనప్పుడే పోతుంది.

మంట కంటే కూడా ఆమెని బాధపెట్టింది ఇంకొకటుంది. ఆ చేతులతో పిల్లల్ని ముట్టుకోకూడదు. కూతురు యాస్మిన్ చంటిదిగా ఉన్నప్పుడు ఓసారి మర్చిపోయి బుగ్గ నిమిరిందట. పిల్ల గుక్కపట్టి ఏడ్చింది. అంతే, ఆ తర్వాత కూతుర్ని మణికట్టుతో, మోచేత్తో పెంచింది. జుట్టు సర్దాలన్నా చెయ్యి తిరగేసి సర్దేది. యాస్మిన్ పెద్దదై, బట్టల షాపులో పనికి కుదిరి, పెళ్లై, ఓ ఆడపిల్లకి తల్లైంది. ఆ మనవరాలు నసీమని రోజంతా చూసుకోవాల్సింది రసూల్‌బీయే.

సరిగ్గా అప్పుడే మూతపడ్డ నూలుమిల్లు స్థలంలో స్టేడియం లేచింది. నీలం కుర్చీలు, ఫ్లడ్‌లైట్లు, ఎండాకాలం కూడా ఎండని ప్లాస్టిక్ గడ్డి. దాన్ని చూడటానికి జనం వేటపాలెం నుంచి కూడా వచ్చేవారు. ఆటగాళ్ల బట్టలు ఉతకటానికి మనిషి కావాలని తెలిసి రసూల్‌బీ వెళ్లింది. మేనేజరు బుల్లయ్యగారు ఆమె చేతులు చూసి, "ముచ్చికల పని మానేస్తేనే ఇక్కడ పని" అన్నారు. ఆమె ఆ మాట కోసమే ఎదురుచూస్తున్నట్టు, ఆ సాయంత్రమే మిరపకాయల షెడ్డు మేస్త్రికి చెప్పేసి వచ్చింది.

కొత్తల్లో ఆటగాళ్ల సాక్సులు దులిపితే నల్లటి గింజలు రాలేవి. "వీళ్లేందమ్మా, సాక్సుల్లో నల్లజీలకర్ర పోసుకుని ఆడతన్నారు" అని ఆశ్చర్యపోయింది. అవి గడ్డి కింద పోసే రబ్బరు గింజలని తోమా చెప్పాడు. చెప్పినవాడు ఊరుకోకుండా, వాటిని నానబెట్టి తాగితే మోకాళ్ల నొప్పులు పోతాయని కూడా చెప్పాడు. ఆమె నిజంగానే ఓ గ్లాసులో నానబెట్టింది. ఉస్మాన్ చూసి ఆపాడు కాబట్టి సరిపోయింది. మర్నాడు ఆ గ్లాసు తీసుకొచ్చి తోమా ముందు పెట్టి, "నువ్వు తాగు, ముందు నీ బుర్రకి పట్టిన నొప్పి పోద్ది" అంది. అప్పట్నుంచీ వాళ్లిద్దరికీ పడుతుంది.

కొన్నాళ్లకి ఆమె చేతుల్లో ఎరుపు తగ్గింది. గోళ్ల కింద మంట పోయింది. ఓరోజు స్టేడియం గేటు దగ్గర నసీమని చంకనేసుకుని, అరచేత్తో దాని బుగ్గ పట్టుకుని నిలబడింది. పిల్ల ఏడవలేదు. రసూల్‌బీ ఆ చెయ్యి తియ్యకుండా అట్లాగే ఉండిపోయింది. తోమా పక్కనుంచి పోతూ, "ఏంది పిన్నీ, పిల్ల బుగ్గకి జిగురంటుకుందా?" అన్నాడు. "అవున్రా, ఊడట్లా" అంది.

*

సోమవారం బుల్లయ్యగారు రసూల్‌బీని ఆఫీసు గదికి పిలిపించారు. తోమా గుమ్మం దగ్గర నిలబడి విన్నాడు.

"చూడమ్మా, చేరేటప్పుడే చెప్పాను కదా."

"మానేశానండి. మళ్లీ ఆ షెడ్డు గడప తొక్కితే ఒట్టు."

"మరి తువ్వాలుకి కారం ఎక్కణ్ణుంచి వచ్చింది? ఉతికింది నువ్వు, మడతపెట్టింది నువ్వు. స్టేడియం మొత్తం నవ్వింది మనల్ని చూసి. ఆ వీడియో చీరాల వాళ్ల ఫోన్లన్నిట్లో తిరుగుతుంది."

రసూల్‌బీ తన చేతులు తిప్పి చూసుకుంది, అవి వేరేవాళ్లవైనట్టు.

"తెలీదండీ" అంది. ఇంక పనికి రావద్దన్నారు బుల్లయ్యగారు.

బయటికొచ్చిన ఆమెతో, "నాలుగు రోజులాగితే ఆయనే పిలుస్తాడులే పిన్నీ, ఆ సాక్సుల కంపు ఇంకెవరు భరిస్తారు" అన్నాడు తోమా. ఆమె తలూపి వెళ్లిపోయింది. తోమా కూడా నిజంగా అలాగే అనుకున్నాడు. ఆ రాత్రి కడుపునిండా తిని హాయిగా పడుకున్నాడు. తర్వాత తలుచుకుంటే అతనికి ఎక్కువ సిగ్గనిపించేది ఆ నిద్రే.

మర్నాడు పొద్దున్న వాళ్లమ్మ సువార్తమ్మ పొయ్యి దగ్గర్నుంచి కేకేసింది. "ఒరేయ్, మొన్న మిల్లులో కారం పట్టించుకు రమ్మంటే తెచ్చానన్నావ్, ఏదిరా?"

తోమా స్కూటర్ దగ్గరకెళ్లి, ముందు కొక్కేనికి వేలాడే పెద్ద సంచిలో చెయ్యి పెట్టాడు. సంచి అడుగున కారం పొట్లం ఉంది. పొట్లానికి ఓ మూల చీలిక ఉంది. సంచి లోపలంతా ఎర్రగా ఉంది.

అతను అక్కడే నిలబడిపోయాడు. మ్యాచ్ రోజు మధ్యాహ్నం రసూల్‌బీ ఇంటి నుంచి ఉతికిన బట్టలు తెచ్చింది తనే. ఆమె మడతపెట్టి ఇచ్చిన కట్టని ఇదే సంచిలో వేసుకున్నాడు. దారిలో మిల్లు దగ్గర ఆగాడు. అప్పుడే మర నుంచి దిగిన కారం, చేతికి వెచ్చగా తగిలింది. ఇంకో సంచి లేదు. బద్ధకం ఒకటుంది. పొట్లాన్ని బట్టల మీదే పెట్టేశాడు, సరిగ్గా ఆ ఎర్ర తువ్వాలు మడతలో. వేడికి ప్లాస్టిక్ కవరు మెత్తబడి చీలింది. ఎర్ర తువ్వాలు మీద ఎర్ర కారం ఎవరికి కనపడుతుంది? సీజన్లో గుంటూరు గాలే తుమ్ములు తెప్పిస్తుంది, ఇంక వాసన ఎవరు పట్టించుకుంటారు? డ్రెస్సింగ్ రూములో యలమంద తువ్వాలు లాక్కున్నాడు, పొట్లం అడుగుకి జారింది.

"ఏందిరా, దెయ్యాన్ని చూసినట్టు నిలబడ్డావ్?" అంటూ వచ్చి, సువార్తమ్మ పొట్లం చేతిలో పెట్టుకుని తూచినట్టు ఎగరేసింది. "సగం కూడా లేదు. ఆ మిల్లువాడు నా కళ్లల్లో కారం కొట్టాడన్నమాట. ఉండు, వాడి సంగతి చెబుతా."

చెప్పులేసుకుని బయల్దేరింది. తోమా పరిగెత్తి వీధి మలుపులో ఆమెని పట్టుకున్నాడు.

"అమ్మా, వాడేం చెయ్యలేదు. దారిలో ఒలికింది."

"ఎక్కడ ఒలికింది?"

"రోడ్డు మీద."

నిన్న రసూల్‌బీ, ఇవాళ మిల్లువాడు. తను నోరు మూసుకుని కూర్చుంటే ఊళ్లో ఒక్కొక్కరికీ నింద పంచుకుంటూ పోవాల్సిందేనని తోమాకి అర్థమైంది. అయినా మూసుకునే కూర్చున్నాడు.

ఎందుకంటే అతను తోమా. పోయినసారి మ్యాచ్‌లో, "ఏపీ జీరో సెవెన్ బండి ఎవరిదండీ, పోలీసులు ఎత్తుకెళ్తున్నారు" అని మైకులో అన్నవాడు. గుంటూరులో సగం బళ్లు ఏపీ జీరో సెవెనే. సగం గ్యాలరీ ఖాళీ అయింది, మెట్ల మీద ఒకాయన పంచె ఊడింది. ఇంకొక్క వేషం వేస్తే మైకు పీకేస్తానని బుల్లయ్యగారు ఆనాడే చెప్పారు. ఇప్పుడెళ్లి "కారం నాది, కానీ కావాలని చెయ్యలేదు" అంటే నమ్మేవాడెవడు? కావాలని చేసిన చిలిపి పనులన్నిటికీ నవ్వి ఊరుకున్న ఊరు, పొరపాటున చేసిన ఈ ఒక్కదానికి తన్నేట్టుంది. ఇంక మైకు. పదో తరగతి తప్పిన తోమాని ఊరు పేరుపెట్టి పిలిచేది ఆ మైకు వల్లే.

*

రెండు రోజులు ఓర్చుకున్నాడు. మూడోరోజు కాళ్లు వాటంతటవే రసూల్‌బీ ఇంటికి తీసుకెళ్లాయి.

ఆమె అరుగు మీద కూర్చుని ఉంది. నసీమ పాకుతూ వచ్చి, ఆమె మోకాలు పట్టుకుని లేచి నిలబడి, ఎత్తుకోమని చేతులు చాపింది. రసూల్‌బీ రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది. పిల్ల ఏడుపు మొదలెట్టేసరికి, మణికట్టుతో దాన్ని తన వైపు అదుముకుని, చెయ్యి తిరగేసి దాని కళ్లు తుడిచింది.

తోమా అరుగు దగ్గరికొచ్చాడు.

"ఎత్తుకోవచ్చుగా పిన్నీ."

"వద్దులేరా. మళ్లీ దాని కళ్లు మండితే?"

"నువ్వు పని మానేసి ఎన్నాళ్లైంది. ఇంకా ఎక్కడుంటది ఘాటు?"

"ఎముకల్లోకి పోయిందేమో. ఇన్నేళ్లు నానిన చేతులాయె." చేతులు ముందుకి చాపి చూపించింది. "సబ్బేసి రుద్దా, నిమ్మకాయేసి రుద్దా. ముక్కు దగ్గర పెట్టుకుంటే నాకేం తెలవట్లా. తెలవట్లేదంటే లేదని కాదుగా. మనకి అలవాటైపోయిన వాసన మనకి తెలవదు. అక్కడ ఆ పిల్లోడికి తెలిసింది."

"ఛ, నీ చేతులు కాదులే పిన్నీ."

"నువ్వే కదరా మైకులో అంది."

కోపంగా అనలేదు. వాతావరణం గురించి రేడియోలో చెప్పింది నమ్మినట్టు అంది. తోమాకి అక్కడే చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. అంతలో లోపల్నుంచి ఉస్మాన్, "ఎవరే వచ్చింది, మైకు పిల్లోడా? మంచోడు, గుర్తుపెట్టుకుని వచ్చాడు" అన్నాడు. ఆ 'మంచోడు' అన్న మాటతో తోమా నోరు మళ్లీ మూతపడింది.

"రేపట్నుంచి షెడ్డుకి వస్తానని మేస్త్రికి చెప్పా" అంది రసూల్‌బీ. "ఎట్టాగూ పోని ఘాటే కదా. ఇంక భయమెందుకు."

ఇంటికెళ్లి పడుకుంటే తోమాకి నిద్ర రాలేదు. ఇన్నాళ్లూ ఊరికి అబద్ధాలు చెప్పాడు. ఏ ఒక్కడూ సాయంత్రం దాకా నమ్మలేదు. చిట్టచివరికి ఒక మనిషి అతని మాట పూర్తిగా నమ్మింది, తన చేతుల కంటే ఎక్కువ నమ్మింది. నమ్మి మిరపకాయల్లోకి వెళ్లిపోతోంది.

*

ఆ ఆదివారం మళ్లీ మ్యాచ్. ఆట మొదలవకముందే తోమా మైకు తీసుకుని గట్టు మధ్యలోకి వచ్చాడు.

"అందరికీ ఓ మాట. పోయిన మ్యాచ్‌లో తువ్వాలుకి కారం అంటింది రసూల్‌బీ పిన్ని వల్ల కాదు. నా వల్ల. నా సంచిలో కారం పొట్లం పగిలింది. ఆమె చేతుల్లో ఏం లేదు. తప్పు నాది."

ఎక్కడో పైవరసలో ఎవడో ఈల వేశాడు. ఇంకొకడు, "పొట్లం ఏపీ జీరో సెవెనా?" అని అరిచాడు. అంతే, స్టేడియం మళ్లీ నవ్వింది. పోయినసారి కంటే ఎక్కువ నవ్వింది. చప్పట్లు కూడా కొట్టారు.

"నిజమండి. నవ్వమాకండి" అన్నాడు తోమా. దానికి ఇంకా నవ్వారు.

బుల్లయ్యగారు విసవిసా వచ్చి మైకు లాక్కున్నారు. "ముసల్దాని పొట్ట మీద కూడా జోకులేనా నీకు?"

"జోకు కాదండీ."

"నోర్ముయ్."

తోమా వెళ్లి స్కూటర్ల స్టాండులో కూర్చున్నాడు. లోపల ఆట మొదలైన కేకలు వినపడుతున్నాయి. నిజం చెప్పటం ఇంత కష్టమైన విద్యని అతనికి ఎవరూ చెప్పలేదు. అబద్ధానికి సాధన చేశాడు గానీ దీనికి చెయ్యలేదు.

హాఫ్ టైమ్‌లో యలమంద గ్లౌజులతోనే పరిగెత్తుకుంటూ వచ్చాడు. నర్సరావుపేట పక్క పల్లె పిల్లోడు, మిరప రైతుల ఇంట్లో పుట్టినవాడు.

"ఏరా, నిజంగా నువ్వేనా?"

"నేనే."

"కావాలనా?"

"కాదురా. నీ మీద ఒట్టు."

"నా మీదెందుకురా, నీ మీద వేసుకో. ఆ సంచేది?"

తోమా సంచి తెచ్చిచ్చాడు. యలమంద గ్లౌజు తీసి, సంచి లోపలి అంచు మీద వేలు రాసి, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. వెంటనే వరసగా తుమ్ములు వచ్చాయి. కళ్ల నిండా నీళ్లతో తోమా కాలర్ పట్టుకున్నాడు. "వారం నుంచి మా నాయన నన్ను చూసి నవ్వుతున్నాడు, మిరప రైతు కొడుకువై మిరపకాయకి ఏడ్చావా అని. రా నాతో."

సంచి, కాలర్, వాటితో పాటు తోమా, ముగ్గురూ కలిసి బుల్లయ్యగారి ఎదుట నిలబడ్డారు. ఆయన సంచి వాసన చూసి తుమ్మి, ముక్కు తుడుచుకుని, తోమా వైపు తిరిగారు.

"వారం నుంచీ తెలుసా నీకు?"

"మంగళవారం నుంచండి."

"మైకు నీకింక లేదు. రేపు పొద్దున్నే వెళ్లి, ఆమెని పనికి రమ్మన్నానని చెప్పు. నేను రమ్మన్నానని చెప్పు, నువ్వు పిలుస్తున్నావని కాదు. ఆమె అడిగితే అన్నీ చెప్పు."

*

సోమవారం పొద్దున తోమా షెడ్డుకి వెళ్లాడు. గుమ్మంలోకి వెళ్లకముందే ఘాటు ముక్కుపుటాల్లోకి దూరింది. లోపల రేకుల కింద కొండల్లా ఎర్రటి కాయల రాశులు, వాటి చుట్టూ ముక్కులకి గుడ్డలు కట్టుకున్న ఆడవాళ్లు. ఎవరూ తలెత్తట్లేదు, వేళ్లు మాత్రం ఆడుతున్నాయి. మధ్య మధ్యలో ఒక దగ్గు మొదలై, ఆ చివర్నుంచి ఈ చివరిదాకా పాకి ఆగుతోంది.

గుడ్డలన్నీ ఒకేలా ఉన్నాయి. రసూల్‌బీని కళ్లని బట్టి పోల్చుకుని, ఆమె ముందు కాయల్లోనే మోకాళ్ల మీద కూర్చున్నాడు. మాట మొదలెట్టబోయాడు. పొలమారింది. దగ్గి, కళ్లు తుడుచుకుని, ఆ చేత్తో తుడిచినందుకు ఇంకా మండి, మళ్లీ మొదలెట్టాడు. గొంతులోంచి పిల్లి కూన అరిచినట్టు సన్నటి చప్పుడే వచ్చింది. ఆ సన్న గొంతుతోనే అంతా చెప్పాడు: మిల్లు, వెచ్చటి పొట్లం, చీలిన కవరు, మంగళవారం నుంచి తెలిసీ ఊరుకోవటం, అరుగు మీద కూర్చుని కూడా చెప్పకపోవటం.

రసూల్‌బీ వింటున్నంతసేపూ ముచ్చికలు తుంచుతూనే ఉంది. అతను ఆపాక ఆమె కూడా ఆపింది.

"పొట్లం నీదా?"

"నాదే పిన్నీ."

"నా చేతులు కాదు."

"కాదు."

ఆమె చేతులు చూసుకుంది. కొద్దిరోజుల పనికే వేళ్లు మళ్లీ ఎర్రబారాయి, గోళ్ల పక్కన చర్మం లేచింది. తోమా కూడా అవే చూశాడు. చూడలేక తల దించుకున్నాడు.

"బుల్లయ్యగారు రమ్మన్నారా?"

"ఇవాళే రమ్మన్నారు. నాకు మైకు పీకేశారు." ఆ రెండో ముక్క ఎందుకు చెప్పాడో అతనికే తెలీదు. జాలి పడుతుందనేమో. "తిట్టు పిన్నీ. నాలుగు తిట్టు."

చుట్టూ ఉన్న ఆడవాళ్ల వేళ్లు కూడా ఆగిపోయాయి. రసూల్‌బీ ఒళ్లో కాయలు రాశిలోకి దులిపి లేచింది. ముక్కుకి కట్టిన గుడ్డ విప్పి, మడతపెట్టి, నడుములో దోపుకుంది.

"ఈ మంట దిగేదాకా మళ్లీ ఆ పిల్లని ముట్టుకోను. అది నీ ఖాతా" అంది. రెండడుగులు వేసి, వెనక్కి తిరిగింది.

"మైకు లేకపోతే నీ గొంతు ఇంతేనా, తోమా? ఆరోజు కూడా ఇంత గొంతుతోనే అని ఉంటే నా ఒక్కదానికే వినపడేది. నేనూ నవ్వేదాన్ని."